మీటరు మీద ఎర్ర లైటు

ఇంటి ముందు గోడకు బిగించిన కరెంటు మీటర్లో ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. చాలా మీటర్లలో దాని పక్కనే 3200 అన్న అంకె కనిపిస్తుంది. కొన్నింటిలో అది వేరుగా ఉండొచ్చు. ఆ లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలిందని లెక్క. నెలకోసారి రీడింగ్ తీయడానికి వచ్చే మనిషి తప్ప దాని వంక చూసేవాళ్లు తక్కువే. నిజానికి ఇంట్లో కరెంటు ఎటు పోతోందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్షి లేదు.

ఫ్రిజ్, ఇన్వర్టర్‌తో సహా అన్నీ కాసేపు కట్టేసి, ఒక్కో వస్తువునే వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. 3200 మీటరయితే, తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక్కటే వెలుగుతున్నప్పుడు దాదాపు రెండు నిమిషాలకు ఒక మెరుపు. 75 వాట్ల పాత ఫ్యానుకు 15 సెకన్లకు ఒకటి. రెండు వేల వాట్ల గీజరు వేశారా, సెకనుకు దాదాపు రెండేసి సార్లు మెరుస్తూనే ఉంటుంది.

అయినా తిట్లన్నీ బల్బుకే. ఎవరూ లేని గదిలో లైటు వేసి వదిలేశారని పిల్లల్ని కోప్పడే ఇంట్లోనే గీజరు స్విచ్ మధ్యాహ్నం దాకా ఆన్‌లో ఉంటుంది. ఈ కోపం 60 వాట్ల ఫిలమెంట్ బల్బుల కాలం నాటిది. అప్పట్లో అది న్యాయమే. ఆ వెలుతురు ఇప్పుడు తొమ్మిది వాట్లకే వస్తోంది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. లైటు ఆర్పడం మంచి అలవాటే కానీ, బిల్లు తగ్గాలంటే చూడాల్సిన చోటు మారింది.

ఇంట్లో కరెంటును బాగా తాగేది వెలుతురు కాదు, వేడి. వేడి పుట్టించే పనైనా, ఒకచోటి వేడిని తోడి మరోచోట పోసే పనైనా ఖర్చు దండిగానే ఉంటుంది. గీజరు, ఇస్త్రీపెట్టె మొదటి రకం. ఏసీ, ఫ్రిజ్ రెండో రకం.

స్నానాల గదిలోకే వెళ్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4.2 కిలోజౌల్స్ శక్తి కావాలి. 25 డిగ్రీలున్న ఇరవై లీటర్ల బకెట్ నీటిని 42 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.4 యూనిట్ పడుతుంది. ఆ కరెంటుతో తొమ్మిది వాట్ల బల్బు 44 గంటలు వెలుగుతుంది. నలుగురున్న ఇంట్లో రోజుకో బకెట్ చొప్పున నెలకు 48 యూనిట్లు.

ఇక్కడ గీజరు కంపెనీ మార్చి ఒరిగేది పెద్దగా లేదు. కాయిల్‌లోకి వెళ్లిన కరెంటంతా ఎలాగూ వేడిగానే మారుతుంది. మూడు వేల వాట్ల ఇన్‌స్టంట్ గీజరు కన్నా పదిహేను వందల వాట్ల హీటరు పొదుపు అనుకోవడమూ పొరపాటే. అది రెట్టింపు సేపు పనిచేసి అదే వేడిని ఇస్తుంది. తగ్గించగలిగేవి నీళ్లు, వేడి, ఊరికే ఆన్‌లో ఉంచే సమయం. స్టోరేజి గీజరులో కాగిన నీళ్లు వాడకపోయినా గోడల గుండా వేడి మెల్లగా జారిపోతుంది, థర్మోస్టాట్ మళ్లీ కాచడం మొదలెడుతుంది. థర్మోస్టాట్‌ను 60 దగ్గర పెట్టి, ఆ పైన చన్నీళ్లు కలుపుకొనేవాళ్లు దాన్ని కాస్త కిందికి తిప్పితే ఈ జారుడు తగ్గుతుంది. మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి కాబట్టి అప్పుడు గీజరు జోలికే పోనక్కర్లేదు. ఇంకో విడ్డూరం ఏమిటంటే, రామగుండంలో బొగ్గు మండించి నీళ్లు మరిగిస్తే ఆ వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటుగా మారుతుంది. ఆ కరెంటు తెచ్చి మనం మళ్లీ నీళ్లు కాస్తాం.

వంటింట్లో గ్యాసుకూ ఇదే సూత్రం, ఇంకాస్త పదునుగా. లీటరు నీటిని మామూలు వేడి నుంచి మరిగే దాకా తేవడానికి 315 కిలోజౌల్స్ చాలు. మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయాలంటే మరో 2,260 కావాలి, అంటే ఏడు రెట్లు! పైగా నీళ్లు ఒకసారి మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రం పెరుగుతుంది. మూత లేని గిన్నెలో తెర్లుతున్న పప్పు కింద పెద్ద మంట పెట్టడమంటే వంటింటి కిటికీకి ఆవిరి పట్టించడమే. అందుకే పొంగు రాగానే సిమ్‌లో పెట్టి మూత వేయమనేది. కుక్కర్లో ఒత్తిడి వల్ల నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, పప్పు తొందరగా ఉడుకుతుంది. విజిల్ వచ్చిందంటే లోపల కావలసిన ఒత్తిడి వచ్చేసిందని అర్థం. ఆ తర్వాత కూడా పెద్ద మంట మీద ఉంచి విజిల్స్ లెక్కపెట్టేకన్నా, మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టడం నయం. కందిపప్పు ముందే నానబెడితే ఆ నిమిషాలూ తగ్గుతాయి.

ఏసీ సంగతి చాలామందికి తెలిసిందే. డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. ఏసీని 26లో పెట్టి పైన ఫ్యాన్ వేసుకుంటే చాలామందికి హాయిగానే ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు, ఏసీ అయినా ఫ్రిజ్ అయినా, నక్షత్రాలు చూసి ఊరుకోకుండా లేబుల్ మీద ముద్రించిన ఏడాది యూనిట్ల అంకె చదవాలి. నక్షత్రాల కొలబద్దను ప్రభుత్వం అప్పుడప్పుడూ బిగిస్తుంది కాబట్టి పాత అయిదు, కొత్త అయిదు ఒకటి కావు.

ఫ్యాన్ వేడి పుట్టించే వస్తువు కాకపోయినా గంటల లెక్కలో దొరికిపోతుంది. అది గదిని చల్లబరచదు. చెమటను ఆరబెట్టి మనిషిని చల్లబరుస్తుంది. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాన్ చేసే పని, మోటారు వేడిని గదికి కలపడమే. స్విచ్‌బోర్డు మీద పెట్టెలాంటి పాత రెగ్యులేటరు ఉంటే, ఫ్యాన్‌ను రెండులో తిప్పుతూ దాని మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగులుతుంది. వేగం తగ్గించి మిగిల్చామనుకున్న కరెంటులో కొంత ఆ పెట్టెలోనే కాలిపోతోంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుకు ఆ బాధ లేదు.

ఇప్పుడు దుకాణాల్లో దొరికే బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లకు అటూ ఇటూగా తిరుగుతాయి. రోజుకు పదిహేను గంటలు తిరిగే చోట పాతది తీసి ఇది పెడితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మరి డబ్బు ఎంత? అది శ్లాబును బట్టి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమలైన టారిఫ్ ప్రకారం 31 నుంచి 75 యూనిట్ల మధ్య యూనిట్ మూడు రూపాయలు, 126 నుంచి 225 దాకా ఆరు, ఆ పైన 400 వరకు 8.75. ఆదా చేసిన యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబులోంచే తగ్గుతాయి. 230 యూనిట్లు కాల్చే ఇంటికి ఆ ఇరవై యూనిట్ల విలువ దాదాపు 134 రూపాయలు. 70 యూనిట్ల ఇంటికి 60. మొదటి ఇంటివాళ్లు ఫ్యాన్ ఈ నెలలోనే మార్చుకోవచ్చు. రెండో ఇంటివాళ్లు ఉన్న ఫ్యాన్ పాడయ్యే దాకా ఆగడమే లాభం. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద ఉన్న కుటుంబాల లెక్క ఇంకో తీరు: 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా, దాటితే మొత్తం కట్టాల్సిందే. 205 దగ్గర ఊగిసలాడే ఇంటికి వారంలో నాలుగు బకెట్ల వేడినీళ్లు తగ్గించుకున్నా నెలకు ఆరేడు యూనిట్లు కలిసొస్తాయి.