పేర్లన్నీ ఎక్కడికి పోయాయి?

మీ తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. వాళ్ళ పేర్లన్నీ ఒక ఫైలులో వరసగా వ్రాసిపెట్టేందుకు జావా భాషలో ఒక ప్రోగ్రాము తయారుచేశారు. నడిపించారు. చక్కగా నడిచింది, తప్పు ఒక్కటీ చూపించలేదు. తీరా ఆ ఫైలు తెరిచి చూస్తే ఏముంది? ఏమీ లేదు! ఫైలైతే పుట్టింది గాని, దాని పొడవు సున్నా బైట్లు. 40 మందిలో ఒక్కరైనా లోపలికి రాలేదు.

ఎవరినో అడిగి ఏదో సరిచేశారు. రెండోసారి ఫైలు నిండింది. కాని పేర్లకు బదులు వరసగా ప్రశ్నార్థకాలు! 'రాముడు' ఉండవలసిన చోట ఆరు ప్రశ్నార్థకాలున్నాయి. రాముడంటే మూడక్షరాలే కదా, ఆరెక్కడి నుంచి వచ్చాయి?

యంత్రం చెడిపోలేదు. మీరు చెప్పిన పనే అది చేసింది. ఈ రెండు వింతల సంగతీ తెలియాలంటే, ముందు ఫైలులో నిజంగా ఏముంటుందో చూడాలి.

డిస్కు మీద అక్షరాలుండవు. బొమ్మలుండవు. పాటలూ ఉండవు. ఉండేవి బైట్లు. ఒక్కొక్క బైటు 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య, అంతే. 65 అనే బైటు ఒక ఫైలులో ఇంగ్లీషు పెద్ద 'ఏ' కావచ్చు. మరో ఫైలులో, ఫొటోలోని ఒక చుక్క ఎంత వెలుగుగా ఉండాలో చెప్పే కొలత కావచ్చు. తానెవరో ఆ బైటుకి తెలియదు. చదివేవాడికే తెలియాలి.

ఇక జావా సంగతి. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 1995లో దీన్ని ప్రకటించింది. రూపొందించినవారిలో ముఖ్యుడు జేమ్స్ గాస్లింగ్. ఇది ఆబ్జెక్టుల భాష. మీరు కిరాణా కొట్టుకు వెళ్ళి పావుకిలో కందిపప్పు అడుగుతారు. పప్పు ఏ డబ్బాలో ఉందో, ఆ డబ్బా ఏ అరలో ఉందో మీకు అక్కరలేదు. కొట్టతను తూచి ఇస్తాడు. ఆబ్జెక్టు కూడా అటువంటిదే. తన సరుకు లోపల దాచుకుని, తనకు చేతనైన పనులు మాత్రం బయటికి చూపిస్తుంది.

జావాలో ఫైలు చదవడానికి ఇటువంటి పనివాళ్ళు ముగ్గురు కలవాలి. డిస్కు దగ్గర నిలబడేవాడు ఫైల్ ఇన్‌పుట్ స్ట్రీమ్. స్ట్రీము అంటే ప్రవాహం. కాలువలో నీళ్ళు వచ్చినట్టు బైట్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వీడికి బైట్లు తప్ప మరేమీ తెలియదు. 'ఇంకోటి ఇవ్వు' అంటే ఇంకో బైటు ఇస్తాడు. అయిపోతే -1 ఇస్తాడు. -1 ఎందుకంటారా? 0 నుంచి 255 వరకు ఏ సంఖ్య అయినా ఫైలులో నిజంగా ఉండవచ్చు. 'అయిపోయింది' అని చెప్పడానికి ఆ 256 జవాబులూ పనికిరావు. 257వది కావలసి వచ్చింది!

రెండోవాడు ఇన్‌పుట్ స్ట్రీమ్ రీడర్. 1997లో వచ్చిన జావా 1.1తో కొలువులో చేరాడు. బైట్లను అక్షరాలుగా మార్చడం వీడి పని. మూడోవాడు బఫర్డ్ రీడర్. అక్షరాలను పోగుచేసి, మీరడిగితే ఒక్కొక్క పంక్తి అందిస్తాడు. మొదటివాణ్ణి రెండోవాడికి, రెండోవాణ్ణి మూడోవాడికి అప్పగించాలి. మీరు మాట్లాడేది మూడోవాడితోనే.

ఇంత చిన్న పనికి ముగ్గురా అని మీకు విసుగు పుట్టవచ్చు. నాకూ మొదట్లో విసుగే వేసింది. కాని రేపు మీ పేర్ల పట్టిక ఫైలులో కాక ఎక్కడో దూరాన మరో కంప్యూటరులో ఉందనుకోండి. మొదటివాణ్ణి మార్చి అక్కడి బైట్లు తెచ్చేవాణ్ణి పెడితే చాలు, మిగతా ఇద్దరికీ మార్పు జరిగినట్టే తెలియదు. వ్రాసేటప్పుడు కూడా ముగ్గురే: బఫర్డ్ రైటర్, అవుట్‌పుట్ స్ట్రీమ్ రైటర్, ఫైల్ అవుట్‌పుట్ స్ట్రీమ్. సరుకు మాత్రం ఎదురు దిక్కుగా పోతుంది.

ప్రశ్నార్థకాల గొడవ రెండోవాడి దగ్గర మొదలవుతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చిన ఒప్పందాన్ని యూనికోడ్ అంటారు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అందులో 'త' సంఖ్య 3108. ఒక బైటులో 255 దాటి పట్టదు కదా! మరి 3108ని ఎలా పెట్టాలి? 1992 సెప్టెంబరులో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చుని, కంచం కింద పరిచే కాగితం మీద ఒక ఉపాయం గీశారు. దాని పేరు యూటీఎఫ్-8. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే చాలు. తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. 'త' అంటే 224, 176, 164.

గుర్తు అన్నాను, అక్షరం అనలేదు చూశారా? 'రా'లో ర ఒకటి, దీర్ఘం ఒకటి. 'ము'లో మ, కొమ్ము. 'డు'లో డ, కొమ్ము. యూనికోడ్ లెక్కలో రాముడు ఆరు గుర్తులు, 18 బైట్లు. మీరే పరీక్షించవచ్చు. నోట్‌ప్యాడ్‌లో 'తెలుగు' అని మాత్రం వ్రాసి, యూటీఎఫ్-8గా దాచి, ఫైలు పొడవు చూడండి. అదీ 18. (పాత నోట్‌ప్యాడ్ మొదట్లో 3 బైట్ల గుర్తు ఒకటి తనంతట తాను తగిలిస్తుంది. అందులో 21 వస్తే కంగారుపడకండి.)

ఆ 18 బైట్లను యూరపు భాషల పాత పట్టిక ప్రకారం, బైటుకో అక్షరంగా చదివితే ఏమవుతుంది? 224 అంటే నెత్తిన గీత ఉన్న 'ఏ' అక్షరం. 176 అంటే డిగ్రీల చిన్న సున్నా. 177 అంటే ప్లస్ కింద మైనస్. ఇవే మళ్ళీ మళ్ళీ వచ్చే పిచ్చి వ్రాత మీరెక్కడో చూసే ఉంటారు. అది చూస్తే భయపడనక్కరలేదు. ఫైలు క్షేమంగానే ఉంది, చదివే పట్టికే తప్పు.

వ్రాసేటప్పుడు పట్టిక తప్పితే మాత్రం ప్రమాదం. ఆ పట్టికలో తెలుగు లేదు. రెండోవాడు పాపం ఏం చేస్తాడు? ఒక్కొక్క గుర్తుకు ఒక ప్రశ్నార్థకం, అంటే 63 అనే బైటు పెట్టేస్తాడు. ర అయినా 63, కొమ్మయినా 63. రాముడు ఆరు బైట్లయిపోయాడు. అందులోంచి మళ్ళీ రాముణ్ణి బయటికి తీయడం ఎవరి తరమూ కాదు. 2022 మార్చిలో జావా 18 వచ్చే వరకు, పట్టిక పేరు చెప్పకపోతే ఆ కంప్యూటరు అలవాటు ప్రకారం ఏదో ఒకటి వాడుకునేవాడు. ఇప్పుడు యూటీఎఫ్-8 వాడతాడు. పాత జావా ఉన్న యంత్రాలు ఇంకా చాలా ఉన్నాయి కనక, పేరు చెప్పి అప్పగించడమే మంచిది.

మరి మొదటి వింత? పెరట్లో నుయ్యి ఉన్న ఇళ్ళలో చెంబుడు నీళ్ళు కావలసినప్పుడల్లా తోడరు. ఒక్కసారే గాబు నింపుకుంటారు. డిస్కు దగ్గరికి పోవడం కంప్యూటరుకు పెద్ద పని. అందుకే బఫర్డ్ రైటర్ మీరిచ్చిన అక్షరాలను జ్ఞాపకంలో ఒక గాబులో పోస్తాడు. ఆ గాబులో మామూలుగా 8,192 గుర్తులు పడతాయి. నిండితే ముందుకు తోస్తాడు, లేకపోతే ఆగుతాడు. మీ 40 పేర్లకు గాబు అడుగు తడిసిందేమో! ఈలోగా ప్రోగ్రాము ముగిసింది, జ్ఞాపకంతోపాటు గాబూ పోయింది. పేర్లు 2,000 ఉంటే ఇంకా తమాషా: ముందువన్నీ ఫైలుకు చేరి, చివరివి మాయమవుతాయి. తెగిన చోట 'రాముడు' కాస్తా 'రామ' దగ్గర ఆగినా ఆగవచ్చు.

'క్లోజ్' అని చెబితే గాబులో మిగిలిందంతా డిస్కు వైపు పోసి, ఆ తరవాతే తలుపు మూస్తాడు. మూడోవాడికి చెబితే చాలు, మిగతా ఇద్దరికీ కబురు వాడే అందిస్తాడు. ఇంత ముఖ్యమైన మాట మనుషులు మరిచిపోతూనే ఉండడం చూసి, 2011లో జావా 7లో ఒక ఏర్పాటు చేశారు. 'ట్రై' అన్న మాట పక్కన కుండలీకరణాల్లో ఫైలు తెరిస్తే, మధ్యలో పొరపాటు జరిగి ప్రోగ్రాము బయటపడినా సరే, తలుపు తనంతట తానే మూసుకుంటుంది.

తెరవడంలోనూ ఒక గండం ఉంది. పాత పేర్లున్న ఫైలును వ్రాయడానికి మామూలుగా తెరిచారో, మీరు ఒక్క అక్షరం వ్రాయకముందే అది సున్నా బైట్లవుతుంది. చివర చేర్చాలంటే ఆ సంగతి ముందే చెప్పాలి. పట్టిక మొత్తం మార్చాలంటే వేరే పేరుతో కొత్త ఫైలు వ్రాయండి, మూయండి, పొడవు చూడండి. 40 పేర్లకు 40 బైట్లో, సున్నాయో వస్తే పాతది ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. లెక్క సరిపోయాకే కొత్త ఫైలుకు పాత పేరు పెట్టండి.