ఒంటికి కాపలా పోతే: హెచ్.ఐ.వి. జబ్బు ఎలా తెస్తుంది?

కొరాపుట్, రాయగడ జిల్లాల్లో ఉన్నవారికి మలేరియా గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. దోమ కుట్టిన కొద్ది రోజులకే చలి, జ్వరం వచ్చి మనిషి మంచం పడతాడు. జబ్బు వచ్చిందని రోగికీ తెలుస్తుంది, ఇంట్లోవారికీ తెలుస్తుంది. హెచ్.ఐ.వి. తీరు వేరు. అది ఒంట్లో చేరిన తరువాత కూడా మనిషి ఏళ్ల తరబడి మామూలుగానే తిరుగుతాడు, పనికి పోతాడు. ఆ ఏళ్లలోనే అది తన పని చేసుకుపోతుంది. ఆ పని ఏమిటో ఈవేళ తెలుసుకుందాం.

హెచ్.ఐ.వి. అనేది ఒక వైరస్ పేరు. ఎయిడ్స్ అనేది ఆ వైరస్ వల్ల వచ్చే చివరి దశ పేరు. ఈ రెండూ ఒకటి కావు. ఈ వైరస్‌ను 1983లో ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మన దేశంలో ఇది ఉన్నట్లు 1986లో, అప్పటి మద్రాసులో, రక్తపరీక్షల వల్ల బయటపడింది.

మన రక్తంలోని తెల్లకణాలు రోగాలతో పోరాడతాయని మీకు తెలుసు. వాటిలో సి.డి.-4 అనే రకం ఉంది. ఊళ్లో దొంగ పడితే కేక వేసి అందరినీ లేపే తలారి వంటిది ఈ కణం. రోగక్రిమి రాగానే మిగతా కణాలను పోరాటానికి పిలిచేది ఇదే. హెచ్.ఐ.వి. పట్టుకునేది సరిగ్గా ఈ తలారినే.

వైరస్ తనంతట తాను పెరగలేదు. అందుకని కణం లోపలికి జొరబడి, తన జన్యువులను ఆ కణం జన్యువుల మధ్య అతికిస్తుంది. ఇక ఆ కణం వైరస్‌లను తయారుచేసే కార్ఖానా అయిపోతుంది. రోజూ కోట్లకొద్దీ కొత్త వైరస్‌లు పుడతాయి, కణాలు చచ్చిపోతుంటాయి.

వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాలకు కొందరికి జ్వరం, గొంతు నొప్పి, దద్దుర్లు వస్తాయి. మన ప్రాంతంలో అది మలేరియా అనుకుంటారు. కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది కూడా. చచ్చిన కణాల స్థానంలో శరీరం కొత్తవి తయారుచేస్తూ ఉంటుంది. కాని ఏడాదికేడాది నష్టమే ఎక్కువవుతుంది. ఆరోగ్యవంతుని రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకు 500 నుంచి 1500 వరకు సి.డి.-4 కణాలుంటాయి. మందు వాడకపోతే సుమారు ఎనిమిది, పది ఏళ్లలో అవి 200 కంటే తగ్గవచ్చు. అదే ఎయిడ్స్ దశ.

కాపలా లేని ఇంట్లోకి ఎవరైనా రావచ్చు. మన దేశంలో ఎంతోమంది ఒంట్లో క్షయ క్రిమి అణగి ఉంటుంది. తలారి పోగానే అది లేచి కూర్చుంటుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారి ప్రాణాలు ఎక్కువగా తీసేది క్షయే. నోట్లో తెల్లపూత, ఆగని విరేచనాలు, న్యూమోనియా, మెదడు పొరల వాపు కూడా ఇలా వచ్చేవే. అంటే హెచ్.ఐ.వి. తలుపు తీసిపెడుతుంది, లోపలికి వచ్చి దెబ్బ తీసేవి వేరే జబ్బులు. అందుకే రెండు వారాలు దాటి దగ్గు ఉన్నా, కారణం లేకుండా మనిషి చిక్కిపోతున్నా మంత్రాలకూ నాటువైద్యానికీ తిరిగి కాలం పోగొట్టుకోవద్దు. క్షయ ఉందని తేలితే హెచ్.ఐ.వి. పరీక్ష కూడా తప్పక చేయించుకోండి.

మరి మలేరియా లాగా దీన్ని కూడా దోమ తెస్తుందా అని మీరు అడగవచ్చు. తేదు. దోమ కడుపులో ఈ వైరస్ పెరగలేదు, అక్కడే అరిగిపోతుంది. కలిసి తిన్నా, ఒకే బావి నీళ్లు తాగినా రాదు. నిరోధ్ లేని లైంగిక సంబంధం, పరీక్షించని రక్తం, ఒకరికి వాడిన సూది, గర్భంలోగాని కాన్పులోగాని పాల ద్వారాగాని తల్లి నుంచి బిడ్డకు, ఇవే దాని దారులు.

మనిషిని చూసి హెచ్.ఐ.వి. ఉన్నదీ లేనిదీ చెప్పలేం. రక్తపరీక్ష ఒక్కటే మార్గం. సోకిన కొత్తలో పరీక్షకు దొరకకపోవచ్చు కాబట్టి, మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. జిల్లా ఆసుపత్రిలోని ఐ.సి.టి.సి. కేంద్రంలో ఇది ఉచితం, వివరాలు గుట్టుగా ఉంచుతారు. సందేహాలుంటే 1097 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు.

వైరస్‌ను ఒంట్లోనుంచి పూర్తిగా తీసివేసే మందు అందరికీ అందుబాటులోకి రాలేదు. కాని దాన్ని పెరగనీయని మందులున్నాయి. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి వీటిని ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి కణాల లెక్కతో పని లేకుండా, హెచ్.ఐ.వి. ఉన్న ప్రతివారికీ ఇస్తున్నారు. చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. వైరస్ అణగిపోతే సి.డి.-4 కణాలు మళ్లీ పెరుగుతాయి. పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే ఉంటే, లైంగిక సంబంధం ద్వారా భార్యకుగాని భర్తకుగాని సోకదు. మందు లేకపోతే తల్లి నుంచి నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకే ప్రమాదం ఉంది. మందు వాడితే అది ఐదుకంటే తగ్గుతుంది. కాబట్టి గర్భిణి అయిన మీ అమ్మాయికో కోడలికో మొదటి నెలల్లోనే పరీక్ష చేయించండి.

ఒంట్లో బాగానే ఉంది కదా అని మాత్రలు మానరాదు. కొన్ని కణాల్లో వైరస్ నిద్రపోతూ దాగి ఉంటుంది, మందు ఆగితే మళ్లీ లేస్తుంది. పనికోసం విశాఖపట్నమో, విజయనగరమో వెళ్లవలసి వస్తే, బయలుదేరే ముందే మందు తీసుకునే కేంద్రంలో చెప్పండి. అక్కడి కేంద్రానికి మార్పిస్తారు. ఎల్లలు దాటినంత మాత్రాన మందు ఆగనవసరం లేదు.

హెచ్.ఐ.వి. ఉందని ఎవరినీ పనిలోనుంచి, బడిలోనుంచి, ఆసుపత్రిలోనుంచి పంపివేయకూడదని 2017లో చట్టం వచ్చింది. ఇంట్లోనుంచి, ఊళ్లోనుంచి పంపకుండా చూడవలసినది మాత్రం మనమే. వెలివేస్తారని భయపడ్డ మనిషి పరీక్షకు రాడు. పరీక్షకు రానివాని ఒంట్లో వైరస్ తన పని తాను చేసుకుపోతుంది.