ఊళ్లో తిరగడానికి ఒక్క హార్స్‌పవర్ చాలు

సెకండ్‌హ్యాండ్ బండి కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది మైలేజీ గురించే. అమ్మేవాళ్ల జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "అరవై పక్కా ఇస్తది అన్నా." ఆ అరవై కొన్నిసార్లు నిజమే. చాలాసార్లు, బండి కొత్తగా ఉన్నప్పటి నిజం. లీటరు పెట్రోలు ఏయే పనులకు ఖర్చవుతుందో తెలిస్తే, ఆ మాటను నమ్మాలో వద్దో బండి చూసి మనమే తేల్చుకోవచ్చు. దానికి మెకానిక్ కానక్కర్లేదు. హైస్కూలు భౌతికశాస్త్రం సరిపోతుంది.

లీటరు పెట్రోలులో సుమారు 32 వేల కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజిన్ అందులో ఐదో వంతును చక్రానికి అందిస్తుందనుకుందాం. మిగతాదంతా సైలెన్సర్‌లోంచి, ఇంజిన్ రెక్కల మీదుగా వేడిగా పోతుంది. అంటే మనకు దక్కేది 6,400 కిలోజౌళ్లు. ఇప్పుడు 110 కిలోల బండి మీద 70 కిలోల మనిషి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా వెళ్తున్నాడనుకోండి. టైర్లు రోడ్డు మీద నలుగుతూ దొర్లడానికి కిలోమీటరుకు 30 కిలోజౌళ్లు, ఎదురుగాలిని తోసుకుంటూ పోవడానికి ఇంకో 40 కిలోజౌళ్లు కావాలి. మొత్తం 70. ఈ లెక్కన లీటరుకు 90 కిలోమీటర్లు రావాలి.

రాదు. ఎందుకంటే ఊళ్లో ఎవరూ ఆగకుండా పోలేరు. సున్నా నుంచి 40 వేగానికి చేరాలంటే ఆ బండికీ మనిషికీ కలిపి 11 కిలోజౌళ్ల గతిశక్తి ఇవ్వాలి. బ్రేకు నొక్కగానే అదంతా బ్రేకుల దగ్గర వేడిగా మారిపోతుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు సాయంత్రం పూట వెళ్లేవాళ్లకు కిలోమీటరుకు మూడుసార్లు ఆగడం పెద్ద విషయం కాదు. మూడుసార్లకు 33 కిలోజౌళ్లు. 70 కాస్తా 103 అయింది. లీటరుకు 62 కిలోమీటర్లు. వంద సీసీ బండి బాగున్నప్పుడు ఊళ్లో ఇచ్చే మైలేజీ దాదాపు ఇదే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఊరికే తిరుగుతూ తాగే పెట్రోలు ఇందులో కలపలేదు.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. 40 వేగంతో నిలకడగా వెళ్తున్న బండికి కావలసిన శక్తి సుమారు 780 వాట్లు, అంటే ఒక హార్స్‌పవర్‌కి కాస్త పైన. సంపులోంచి మేడ మీద ట్యాంకుకి నీళ్లెక్కించే ఇంటి మోటారు సామర్థ్యమూ ఇంచుమించు అంతే. వంద సీసీ ఇంజిన్‌కి సుమారు 8 హార్స్‌పవర్ ఉంటుంది, 150 సీసీకి 14 దాకా, 350 సీసీ బుల్లెట్‌కి 20. ఊళ్లో వాడేది ఒకటో రెండో. మిగతాది ఊరికే మోస్తున్న బరువు.

బరువు ఒక్కటే కాదు నష్టం. పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్ తక్కువ తిప్పితే గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలిని లాక్కోవడానికి పిస్టన్ శక్తి ఖర్చు చేయాలి. దానికి తోడు పెద్ద పిస్టన్, పెద్ద బేరింగుల రాపిడి పని ఉన్నా లేకపోయినా ఉండేదే. పెద్ద ఇంజిన్‌తో నెమ్మదిగా పోతున్నప్పుడు ఈ రెండు ఖర్చులే ఎక్కువ వాటా తినేస్తాయి. చిన్న ఇంజిన్ అదే పనిని తన సత్తువలో ఎక్కువ వాటా వాడుతూ చేస్తుంది కాబట్టి దాని సామర్థ్యం మెరుగ్గా ఉంటుంది. బుల్లెట్ ఊళ్లో 35 ఇవ్వడానికి, వంద సీసీ 60 ఇవ్వడానికి కారణం బరువు కొంత, ఈ ఇరుకు గాలి దారి కొంత.

మన దేశంలో ఈ మాటను జనానికి నిరూపించి చూపింది 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100. అప్పటికి రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి టూ స్ట్రోక్ బళ్లు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కొత్తగా లోపలికొచ్చిన పెట్రోలు, గాలి మిశ్రమం కొంత మండకుండానే, కాలిన పొగతోపాటు బయటికి జారిపోతుంది. సీడీ 100 ఫోర్ స్ట్రోక్ కావడంతో ఆ నష్టం లేదు. అదే వంశంలో 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఆ 97.2 సీసీ ఇంజిన్ కొలతలు ఇప్పటికీ పెద్దగా మారలేదు. పాతబండి కొనేవాళ్లకు ఇది వరం. విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, మండల కేంద్రంలో చిన్న స్పేర్‌పార్టుల కొట్లో కూడా దాని పిస్టన్ రింగులు దొరుకుతాయి. ప్లాటినా, స్టార్ సిటీ లాంటి బళ్లదీ దాదాపు ఇదే కథ. టూ స్ట్రోక్ బండైన ఆర్‌ఎక్స్ 100 మీద మోజున్నవాళ్లను కాదనను. దాని శబ్దం నాకూ ఇష్టమే. కానీ పెట్రోలు ఆదా కోసమైతే దాని జోలికి వెళ్లవద్దు.

స్కూటర్ల మాట వేరు. గేర్ల పని లేకపోవడం ట్రాఫిక్‌లో పెద్ద సుఖం. అయితే చైనుకు బదులు ఉండే బెల్టు కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. చిన్న చక్రాలు గతుకుల్లో ఎక్కువ కూరుకుంటాయి. అందుకే వంద సీసీ దరిదాపుల్లో ఉన్న గేరులేని స్కూటరు, అంతే ఇంజిన్ ఉన్న మోటారుసైకిల్‌తో మైలేజీలో పోటీపడలేదు.

మోడల్ ఎంపిక ఇక్కడితో అయిపోయింది. అసలు సంగతి, ఎదురుగా ఉన్న ఆ ఒక్క బండి ఆరోగ్యం. అదే మోడల్, అదే సంవత్సరం బళ్లు రెండు తీసుకుంటే ఒకటి 60 ఇచ్చి, రెండోది 40 దగ్గరే ఆగిపోవచ్చు. ఈ తేడా ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక పొద్దుట సరిపోతుంది.

పొద్దున్నే వెళ్లండి. "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే ఒకసారి స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి ఇంజిన్ దాచలేనివి వేడెక్కిన ఇంజిన్ దాచేస్తుంది. ఇగ్నిషన్ ఆపి, కిక్‌ని చేత్తో నెమ్మదిగా కిందికి నొక్కండి. ఒక దగ్గర గట్టిగా ఎదురు తన్నాలి. సిలిండర్‌లో గాలి తొమ్మిదో వంతుకు నలుగుతున్నప్పుడు వచ్చే ఎదురు అది. మెత్తగా దిగిపోతే రింగులో, వాల్వులో అరిగి గాలి లీకవుతోందని అర్థం. ఒత్తిడి లేకపోతే మంట బలం తగ్గుతుంది, అదే పనికి ఎక్కువ పెట్రోలు కావాలి.

ఇప్పుడు స్టార్ట్ చేసి వెనక్కి వచ్చి పొగ చూడండి. చలికాలం పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి వస్తే భయం లేదు. పెట్రోలు మండితే నీళ్లు పుడతాయి, చల్లని సైలెన్సర్‌లో అవే ఆవిరిగా కనిపిస్తాయి. నీలం పొగ, కాలిన నూనె వాసన వస్తే ఇంజిన్ ఆయిల్ సిలిండర్‌లోకి చేరి మండుతోంది. ఆ బండిని వదిలేయండి, లేదా బోరు పని ఖర్చు ధరలోంచి తీసేయండి. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువవుతోంది, గాలి చాలడం లేదు. ఇది చాలావరకు చిన్న జబ్బే. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయి ఉండవచ్చు, కార్బురేటర్‌లో జెట్ అరిగి ఉండవచ్చు. బేరానికి ఇదే మంచి అవకాశం.

ఒక రౌండు తిప్పి వచ్చాక ఇంజిన్ చల్లబడనిచ్చి ప్లగ్ విప్పించండి. నా దృష్టిలో ఆ బండి గురించి అన్నిటికన్నా నిజాయితీగా చెప్పే సాక్షి అదే. కొన లేత ఇటుక రంగులో పొడిగా ఉంటే పెట్రోలు, గాలి పాళ్లు సరిగ్గా కలుస్తున్నాయి. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. నల్లగా తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. సున్నంలా తెల్లబడి ఉంటే మాత్రం జాగ్రత్త, గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదు. ఇథనాల్ కలవని ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. మైలేజీ పెంచి చూపడానికి కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోలును అతిగా తగ్గిస్తారు కొందరు. ట్రయల్‌లో మైలేజీ బాగానే కనిపిస్తుంది. ఇంజిన్ మాత్రం అతిగా వేడెక్కి, కొన్నాళ్లకు వాల్వులు కాలిపోతాయి.

ఇంజిన్ ఎంత బాగున్నా చక్రం తేలిగ్గా తిరగకపోతే ఫలితం లేదు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. నాలుగైదు చుట్లు తిరగాలి. వెంటనే ఆగిపోతే బ్రేక్ షూ పట్టేస్తోంది. అంటే బండి నడిచినంతసేపూ కొద్దిగా బ్రేకు నొక్కే ఉంచినట్టు. చైనును వెనక స్ప్రాకెట్ మీద నుంచి వెనక్కి లాగి చూడండి. పళ్ల మధ్య బాగా సందు కనిపిస్తే చైన్ సెట్ మార్చాల్సిందే. క్లచ్ సంగతి రోడ్డు మీదే తెలుస్తుంది. టాప్ గేరులో 30 వేగంలో ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పితే, ఇంజిన్ మోత పెరిగి బండి ముందుకు లాగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి.

మీటరు చూపే కిలోమీటర్లను పెద్దగా లెక్కలోకి తీసుకోకండి. కేబుల్ ఊడదీయడం క్షణంలో పని. ఫుట్‌రెస్టు రబ్బరు, బ్రేక్ పెడల్ అరుగుదల చూడండి. పద్దెనిమిది వేలు తిరిగిందన్న బండికి పెడల్ మీద గీతలన్నీ అరిగి ఇనుము నున్నగా మెరుస్తుంటే మీటరు మాట నమ్మలేం.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 బళ్లలో దాదాపు అన్నింటికీ కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని సెన్సర్ కొలిచి పెట్రోలును సర్దుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు విషయంలో ఇది కలిసొస్తుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. పైగా ఇథనాల్ తనతో కొంత ఆక్సిజన్ తెస్తుంది. సెన్సర్ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, కార్బురేటర్ సర్దుకోలేదు. పాత ద్విచక్ర వాహనాల్లో ఈ20 వల్ల మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ నిపుణుల సంఘం 2021లో అంచనా వేసింది. పాత బండి కొంటే పెట్రోలు పైపు, రబ్బరు సీళ్లు మార్పించుకోవడం మంచిది. ఇంజెక్షన్ బండి కొంటే, తాళం తిప్పినప్పుడు వెలిగిన ఇంజిన్ లైటు బండి స్టార్టయ్యాక ఆరిందో లేదో చూడండి.

ఇక డబ్బు లెక్క. నెలకు 650 కిలోమీటర్లు తిరిగేవాళ్లు 40 ఇచ్చే బండి వదిలి 65 ఇచ్చే బండికి మారితే నెలకు ఆరు లీటర్లకు పైగా మిగులుతుంది. లీటరు రూ.107 లెక్కన నెలకు సుమారు రూ.670, ఏడాదికి ఎనిమిది వేలు. ఇది చిన్న మొత్తం కాదు. కానీ ఆ ఎనిమిది వేల కోసం ముప్పై వేల బండి వదిలి అరవై వేల బండి కొంటే, తేడా తిరిగి రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. ఐదు వేలు తక్కువకు వస్తోందని నీలం పొగ బండి కొంటే, ఏడాది ఆదాలో చాలావరకు బోరు పనికే పోతుంది. మధ్య ధరలో, ఇంజిన్ విప్పని, ఒకే ఓనర్ చేతిలో నడిచిన వంద సీసీ బండే ఊళ్లో తిరిగేవాళ్లకు సరైనదని నా గట్టి అభిప్రాయం.

కొన్నాక మైలేజీ మీరే కొలుచుకోండి. కార్బురేటర్ బండి అయితే రిజర్వు పడ్డాక ఒక లీటరు కొట్టించి, మళ్లీ రిజర్వు పడేదాకా ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో చూడండి. ఇంజెక్షన్ బండికి ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు పద్ధతి సరైనది. ట్యాంకు అడుగంటేదాకా నడిపితే అందులోని పంపు దెబ్బతింటుంది. టైర్లలో గాలి వారం వారం చూసుకోండి. పైసా ఖర్చు లేకుండా మైలేజీ నిలబెట్టే పని అదొక్కటే.

కాగితాల దగ్గర తొందర వద్దు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో పోల్చుకోండి. పాత చలాన్లు ఎన్ని ఉన్నాయో, ఫైనాన్స్ తీరిందో లేదో చూడండి. ఏపీలో రిజిస్టరైన బండిని తెలంగాణలో మీ పేరుకు మార్చుకోవాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో అడగండి. ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చేదాకా కొంత సొమ్ము మీ దగ్గరే ఉంచుకోండి.