ఆటలోని గుర్రప్పిల్ల, కొట్టంలోని దూడ

జంతువులను జతకట్టించి కోరిన రంగు పిల్లలను రాబట్టడం కంప్యూటర్ ఆటలాడే వారిలో ఒక ప్రత్యేక వ్యాసంగంగా స్థిరపడింది. 2011లో పూర్తి రూపంలో వెలువడిన మైన్‌క్రాఫ్ట్ ఆటలో రెండు గొర్రెలకు గోధుమలు మేపితే పిల్ల పుడుతుంది; ఒకటి ఎరుపు, మరొకటి పసుపు అయితే పిల్ల నారింజ రంగుతో పుడుతుంది, కలిపినా కొత్త రంగు రాని జతకైతే రెండింటిలో ఏదో ఒకదాని రంగు వస్తుంది. ఇది అద్దకపు తొట్టిలో రంగులు కలిసే తీరే తప్ప, తల్లిదండ్రుల గుణాలు సంతానానికి సంక్రమించే తీరు కాదు.

ఈ లోటును పూరించడానికి అభిమానులు మాడ్‌లు, అంటే మూల ఆటకు జతచేరి దాని నియమాలను మార్చే అదనపు ప్రోగ్రాములు, రాశారు. గుర్రాల కోసం వచ్చిన రియలిస్టిక్ హార్స్ జెనెటిక్స్ వంటి మాడ్‌లో ప్రతి జంతువూ ఒక్కొక్క జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు మోస్తుంది. ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపించే గుణం బహిర్గతం, రెండు ప్రతులూ ఒకటైతేనే కనిపించేది అంతర్గతం. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై ప్రయోగాలు చేసి 1866లో ప్రచురించిన ఈ సూత్రాన్ని శాస్త్రలోకం 1900 దాకా పట్టించుకోలేదు. అదే సూత్రం ఇప్పుడు సెలవురోజు ఆటలో పిల్లలకు పరిచయం కావడం నిజంగా సంతోషించదగిన విషయం.

ఆ సూత్రాన్ని కళ్లారా చూడాలంటే కృష్ణగిరి దగ్గరి కావేరిపట్టణం పరిసరాల్లోని పాడి కొట్టాలు చాలు. నల్లని, తెల్లని పెద్ద మచ్చలుండే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి ఆంబోతు వీర్యంతో బూడిద రంగు నాటు ఆవును చూడి కట్టిస్తే, పుట్టే దూడ చాలావరకు ఒళ్లంతా నల్లగా ఉండి, పొట్ట కింద మాత్రమే కాస్త తెలుపు చూపుతుంది. నలుపు బహిర్గతం, పెద్ద తెల్లమచ్చలు అంతర్గతం కావడమే ఇందుకు కారణం. అయితే మచ్చల జన్యువు నశించదు. ఆ నల్ల పెయ్య ఎదిగి మళ్లీ అదే విదేశీ జాతితో కలిసినప్పుడు సుమారు సగం దూడల్లో తాతగారి మచ్చలు తిరిగి బయటపడతాయి. కొన్ని హోల్‌స్టీన్ వంశాల్లో ఎరుపు కూడా ఇలాగే దాగి ఉంటుంది. ఎరుపును లోపల మోసే రెండు నల్ల పశువులు కలిస్తే నాలుగింట ఒక వంతు అవకాశంతో ఎర్ర దూడ పుడుతుంది, కాబట్టి అలాంటి దూడను చూసి వీర్యం మారిపోయిందని వెంటనే శంకించనక్కరలేదు.

నాటు జాతుల రంగులు మరింత సూక్ష్మమైనవి. హళ్లికార్ బూడిద రంగుది, ఆలంబాడి ముదురు బూడిద నుంచి నలుపు వరకు ఉంటుంది, ఈరోడ్ జిల్లా కొండల్లోని బర్గూర్ జాతి ఎర్రని ఒంటిపై తెల్లమచ్చలతో ఉంటుంది (కృష్ణగిరి దగ్గరి బర్గూరు ఊరితో ఆ కొండలకు సంబంధం లేదు). కంగాయం దూడ ఎర్రగా పుట్టి, కొన్ని నెలలకు బూడిద రంగుకు మారుతుంది. పెద్దయ్యాక కోడెల మెడ, మూపురం నల్లబడతాయి. ఒకే పశువు వయసును, లింగాన్ని బట్టి ఇలా రంగు మార్చుకుంటుంది కాబట్టి, జన్యువులు తెలిసినంత మాత్రాన దాని రంగును పూర్తిగా చెప్పలేము. నెల్లూరు గొర్రెల్లో రంగే ఉపజాతికి గుర్తు: తెల్లనిది పల్ల, మూతి చుట్టూ, కళ్ల చుట్టూ నల్లమచ్చలున్నది జోడిపి, గోధుమ రంగుది దొర.

ఆటకూ కొట్టానికీ అసలైన తేడా కాలంలో ఉంది. మైన్‌క్రాఫ్ట్‌లో పుట్టిన పిల్ల 20 నిమిషాల్లో ఎదుగుతుంది, కాబట్టి ఒక మధ్యాహ్నంలో ఎన్నో తరాలు గడిచిపోతాయి. ఆవు చూడికాలమే తొమ్మిది నెలలు దాటుతుంది, నాటు పెయ్య తొలి ఈతకు తరచు మూడు నాలుగేళ్లు పడుతుంది. హోసూరు పక్కన మత్తిగిరిలో ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యపు గుర్రాల కోసం 1824లో నెలకొల్పిన పశుక్షేత్రానికి రెండు శతాబ్దాలు నిండినా, ఆ కాలమంతా ఆవుల లెక్కలో కొన్ని పదుల తరాలకు మించదు. పైగా రంగును మాత్రమే చూసి జతకట్టించడం ప్రమాదకరం కూడా: గుర్రాల్లో ఫ్రేమ్ అనే తెల్లమచ్చల జన్యువు ఒక ప్రతిగా ఉంటే అందాన్నిస్తుంది, రెండు ప్రతులైతే పేగుల్లో నరాలు ఏర్పడక, పుట్టిన కొద్ది రోజుల్లోనే పిల్ల చనిపోతుంది.

అందుకే నిజమైన పశుపోషణలో దాగిన జన్యువులను ముందే తెలుసుకోవడం అవసరమైంది. నేడు కొన్ని వెంట్రుకల కుదుళ్లను ప్రయోగశాలలో పరీక్షించి ఆ వివరం చెప్పగలుగుతున్నారు, హోల్‌స్టీన్ ఆంబోతుల జాబితాల్లో ఎరుపును లోపల మోసే వాటికి పేరు పక్కనే ప్రత్యేక సంకేతం ముద్రిస్తున్నారు. వీర్యం ఎంచుకునే ముందు ఆ సంకేతం ఉందో లేదో పశువైద్యుణ్ణి అడిగి తెలుసుకునే వీలు పాడిరైతుకు ఉంది.