మీకు తెలుసా? కాలేయం మారితే కళ్లూ చూపించుకోవాలి!

సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులోని కిమ్స్ ఆసుపత్రిలో అవయవ మార్పిడులు మామూలే. ఏ ఆసుపత్రిలో జరిగినా, కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా ఏళ్ల తరబడి మందులు వాడాలి. వాటిలో స్టెరాయిడ్లు ఎక్కువ కాలం సాగితే కంటి కటకం వెనకభాగంలో శుక్లం రావచ్చు. తాతయ్యకే కాదు, బడికెళ్లే పిల్లకీ! ఎండలోకి రాగానే కళ్లు చికిలిస్తుంటే అనుమానించాలి. స్టెరాయిడ్ల వల్ల కంట్లో ఒత్తిడి పెరిగితే మాత్రం తరచుగా నొప్పే ఉండదు, పిల్లలు చెప్పనూలేరు, పరీక్షలోనే బయటపడుతుంది. అలాగని మందులు సొంతంగా ఆపేస్తే అవయవానికే ముప్పు. విచిత్రమేమిటంటే, ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ వ్యాధి ఉన్న పిల్లల్లో నల్లగుడ్డు అంచున ఆ రాగితో ఏర్పడే గోధుమరంగు వలయం, కాలేయ మార్పిడి తర్వాత చాలామందిలో మెల్లగా మాయమవుతుంది.