గాలి అడ్డు తగ్గితే ఇంధనం ఆదా

కారులో పోసిన పెట్రోలులోని శక్తిలో సింహభాగం ఇంజన్ వేడిగానే వృథా అయిపోగా, చక్రాలను తిప్పడానికి అందేది మూడో వంతు కంటే తక్కువే. అందిన ఆ కాస్త శక్తి కూడా టైర్లు దొర్లేటప్పుడు నేల కలిగించే నిరోధానికి, బ్రేకు వేసిన ప్రతిసారీ కోల్పోయే వేగాన్ని తిరిగి అందుకోవడానికి, ఎదురుగా ఉన్న గాలిని తోసుకుంటూ పోవడానికి ఖర్చవుతుంది. వీటిలో గాలి నిరోధం వేగానికి కాక వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కనుక, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 90 కిలోమీటర్లకు చేరేసరికి ఆ నిరోధం రెండుంపావు రెట్లవుతుంది. అమెరికాలో సొంత గ్యారేజీల్లోనే కార్లకు మార్పులు చేసుకుని మైలేజీ పెంచుకునే ఔత్సాహికులు ఎక్కువగా గాలి నిరోధం మీదే దృష్టి పెట్టడానికి కారణం ఇదే.

ఈ తరహా మార్పులు ఎంత ఫలితమిస్తాయో 1970ల్లోనే రుజువైంది. కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్‌లో ఉన్న నాసా పరిశోధన కేంద్రం ఇంజనీర్లు ఒక పాత వ్యానుకు అల్యూమినియం రేకులు బిగించి, అంచులన్నీ పదునుగా ఉండే పెట్టెలా తయారుచేసి, తర్వాత ఆ అంచులను దశలవారీగా గుండ్రంగా మారుస్తూ పరీక్షించారు. వ్యాను ఒక వేగాన్ని అందుకున్నాక దానికి ఇంజన్ శక్తి అందకుండా చేసి, వేగం తగ్గడానికి పట్టే సమయాన్ని బట్టి నిరోధాన్ని లెక్కగట్టారు. నిలువు అంచులను గుండ్రం చేయగానే నిరోధం సుమారు 40 శాతం, అడ్డు అంచులను కూడా సరిచేశాక సగానికి పైగా తగ్గింది.

నిటారుగా తెగినట్లుండే వెనుక భాగాన్ని వీడిన గాలి అక్కడ సుడులు తిరిగి, పీడనం తగ్గిపోయి, వాహనాన్ని వెనక్కి లాగుతుంది. కారు వెనుక భాగాన్ని క్రమంగా సన్నం చేసుకుంటూ వచ్చి ఒకచోట కత్తిరించినా, పొడవాటి తోక వల్ల కలిగే లాభంలో చాలా భాగం దక్కుతుందని 1930ల్లో జర్మన్ ఇంజనీర్ వునిబాల్డ్ కామ్ పరిశోధనలు తెలియజేశాయి. ఔత్సాహికులు ఎన్నికల ప్రచార బోర్డులకు వాడే తేలికపాటి ప్లాస్టిక్ షీటుతో ఇలాంటి తోకనే అమర్చుకుంటారు. కారు అడుగు భాగాన్ని నునుపుగా మూస్తారు. వెనుక చక్రాలకు పక్క మూతలు పెడతారు. 1999లో వచ్చిన తొలి హోండా ఇన్‌సైట్ కారుకు అలాంటి మూతలను కంపెనీయే బిగించింది.

మార్పు ఎక్కడ అవసరమో తెలుసుకోవడానికి వారు కారు ఒంటినిండా ఊలు దారపు ముక్కలను టేపుతో అంటించి, మరో వాహనం నుంచి గమనిస్తారు. దారాలు వెనక్కి తిన్నగా వాలి ఉన్నచోట గాలి సాఫీగా పోతున్నట్లు, చెల్లాచెదురుగా కొట్టుకుంటున్నచోట సుడులు పుడుతున్నట్లు అర్థం. ఆ తర్వాత ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో, మార్పుకు ముందు ఒకసారి, మార్పుతో ఒకసారి, దాన్ని తీసివేసి మళ్లీ ఒకసారి ఇంధన వినియోగాన్ని కొలుస్తారు. మూడో కొలత మొదటిదానితో సరిపోలితేనే, మధ్యలో కనిపించిన లాభం గాలి దిశ వల్లో, వాతావరణం వల్లో వచ్చింది కాదని నమ్మవచ్చు.

ఇంధన గొట్టానికి తగిలించే అయస్కాంతాలు, నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇంజన్‌కు అందించే కిట్లు ఇలాంటి పరీక్షకు నిలవవు. ఆ హైడ్రోజన్ తయారీకి కావలసిన విద్యుత్తును ఇంజనే ఉత్పత్తి చేయాలి. ప్రతి మార్పిడిలోనూ కొంత శక్తి పోతుంది కనుక ఖర్చయినంత తిరిగి రాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనం ఆదా చేస్తాయని చెప్పుకునే పరికరాలను వందకు పైగా పరిశీలించగా, చాలావాటి వల్ల ప్రయోజనమేమీ కనిపించలేదు.

గాలి నిరోధం తగ్గించడానికి చలి దేశాల్లో కారు ముందువైపు గ్రిల్‌ను మూసే పద్ధతి ఉన్నా, తెలుగు రాష్ట్రాల వేసవిలో అలా చేస్తే ఇంజన్ వేడెక్కి పాడయ్యే ప్రమాదముంది. పైగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. కాబట్టి మన వాహనదారులు చేయదగినది వేరే ఉంది. డ్రైవరు తలుపు దగ్గరి పట్టికలో ఉన్నంత గాలి టైర్లలో ఉండేలా చూసుకోవాలి, అవసరం లేనప్పుడు పైకప్పు క్యారియర్‌ను తీసివేయాలి, హైవే మీద వేగాన్ని అదుపులో ఉంచాలి. ఏ పరికరాన్నయినా కొనేముందు అది చేసే మేలును కొలిచి చూపమని అమ్మేవారిని తప్పక అడగాలి.