జింకల, చిన్న జంతువుల వేట నిబంధనలు (అమెరికా సంయుక్త రాష్ట్రాలు)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో జింకలు, కుందేళ్ళు, ఉడుతలు మొదలైన జంతువుల వేటకు సంబంధించిన నిబంధనలు రాష్ట్రానికొక విధంగా, ఒక్కొక్కప్పుడు ఒకే రాష్ట్రంలో కౌంటీకొక విధంగా ఉంటాయి. ఏ జంతువును, ఏ నెలలో, ఏ ఆయుధంతో, ఎన్నింటిని వేటాడవచ్చునో తెలిపే ఒకే చట్టం దేశమంతటికీ లేదు. ఒక రాష్ట్రంలో సాధారణమైన పద్ధతి పొరుగు రాష్ట్రంలో శిక్షార్హమైన నేరం కావచ్చును.

చారిత్రక నేపథ్యం

19వ శతాబ్దంలో అమెరికాలో మాంసం, తోళ్ళ వ్యాపారం కోసం హద్దులేని వేట సాగింది. ఒకప్పుడు కోట్ల సంఖ్యలో ఉన్న ప్రయాణికుల పావురం పూర్తిగా అంతరించిపోయింది; ఆ జాతిలో చివరి పక్షి 1914లో సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో మరణించింది. తెల్లతోక జింక కూడా అనేక రాష్ట్రాలలో దాదాపు కనుమరుగైంది. ఈ అనుభవం తరువాత వన్యప్రాణులు ప్రజలందరి ఉమ్మడి ఆస్తి అనీ, వాటిని ప్రజల తరఫున రాష్ట్ర ప్రభుత్వం కాపాడాలనీ అనే సూత్రం బలపడింది. జంతువు ప్రైవేటు భూమిలో తిరుగుతున్నప్పటికీ దాని వేటను నియంత్రించే అధికారం రాష్ట్రానిదే.

సమాఖ్య ప్రభుత్వ పాత్ర పరిమితమైనది. 1900 నాటి లేసీ చట్టం ఒక రాష్ట్రంలో అక్రమంగా వేటాడిన జంతువును మరొక రాష్ట్రానికి తరలించడాన్ని నేరంగా ప్రకటించింది. బాతులు, గువ్వలు వంటి వలస పక్షులు రాష్ట్రాల సరిహద్దులను దాటి తిరుగుతాయి కనుక వాటికి 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం వర్తిస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్నును వన్యప్రాణి సంరక్షణ నిమిత్తం రాష్ట్రాలకు పంచుతారు.

వేట కాలం, పరిమితి

వేట కాలాన్ని సాధారణంగా జంతువుల సంతానోత్పత్తిని, పిల్లల పెంపకాన్ని, జంతువుల సంఖ్యను దృష్టిలో ఉంచుకొని నిర్ణయిస్తారు. దక్షిణ కరోలినా తీరప్రాంతంలో జింకల వేట ఆగస్టు 15నే ఆరంభమవుతుంది. ఉత్తరాన ఉన్న మెయిన్ రాష్ట్రంలో తుపాకితో జింకల వేట ప్రధానంగా నవంబరు నెలకే పరిమితం.

విల్లంబులకు, మూతి నుండి మందు కూరే పాత తరహా తుపాకులకు, ఆధునిక తుపాకులకు వేర్వేరు కాలాలు కేటాయించడం చాలా రాష్ట్రాలలో ఆనవాయితీ. పెన్సిల్వేనియాలో 2002 నుండి మగ జింక కొమ్ముకు నిర్ణీత సంఖ్యలో కొనలు ఉంటేనే పెద్దల లైసెన్సు గలవారు దానిని వేటాడాలి. ఈ సంఖ్య ప్రాంతాన్ని బట్టి మారుతుంది. లేత వయసు మగ జింకలు మరికొన్ని సంవత్సరాలు బ్రతకాలన్నది దీని ఉద్దేశ్యం. జింకల సంఖ్యను తగ్గించవలసి వచ్చినప్పుడు ఆడ జింకల వేటకు అదనపు అనుమతులు ఇస్తారు. సంఖ్య పెరగడానికీ తరగడానికీ మూలం ఆడ జింకలే.

చిన్న జంతువుల విషయంలోనూ ఇదే వైవిధ్యం ఉంది. టెక్సాస్‌లో కుందేళ్ళ వేటకు నిషేధ కాలం గాని, రోజువారీ పరిమితి గాని లేదు. అనేక తూర్పు రాష్ట్రాలలో ఈ రెండూ ఉన్నాయి. దక్షిణ డకోటాలో ఫెజంట్ పక్షులను రోజుకు 3 చొప్పున, అదీ పుంజులను మాత్రమే వేటాడనిస్తారు. ఒక పుంజు అనేక పెట్టలతో జతకట్టగలదు కనుక పుంజుల సంఖ్య తగ్గినా మరుసటి సంవత్సరపు సంతతికి లోటు రాదు.

పద్ధతులలో భేదాలు

* ఆయుధం: చదునైన పొలాలు, దగ్గర దగ్గరగా ఇళ్ళు ఉన్న ఇల్లినాయిస్‌లో జింకల వేటకు చాలాకాలం రైఫిల్‌ను అనుమతించలేదు. రైఫిల్ తూటా చాలా దూరం పోవడమే ఇందుకు కారణం. 2023 నుండి ఒక్క తూటా మాత్రమే పట్టే కొన్ని రకాల రైఫిళ్ళను అనుమతించారు.
* కుక్కలు: దట్టమైన చిత్తడి అడవులు గల కొన్ని దక్షిణాది రాష్ట్రాలలో కుక్కలతో జింకలను తరమడం పాత సంప్రదాయం. ఉత్తరాది రాష్ట్రాలలో ఇది నిషిద్ధం. టెక్సాస్ 1990లో దీనిని నిషేధించింది.
* ఎర: టెక్సాస్ ప్రైవేటు భూములలో మొక్కజొన్న చల్లి జింకలను రప్పించడం చట్టసమ్మతం. మిషిగన్ దక్షిణ భాగంలో 2019లో దీనిని నిషేధించారు. ఒకేచోట మేసే జింకల మధ్య క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రాణాంతక మెదడు వ్యాధి వ్యాపించడమే కారణం. ఈ వ్యాధిని మొదట 1967లో కొలరాడోలో గమనించారు.
* ఆదివారం: పెన్సిల్వేనియాలో 19వ శతాబ్దం నుండి ఆదివారపు వేటపై ఉన్న నిషేధాన్ని 2019లో కొంత సడలించి, 2025లో రద్దు చేశారు. మెయిన్ రాష్ట్రంలోని ఇటువంటి నిషేధాన్ని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2024లో సమర్థించింది.
* దుస్తులు: తోటి వేటగాని తూటాకు బలికాకుండా మెరిసే నారింజ రంగు దుస్తులు ధరించాలని చాలా రాష్ట్రాలు నిర్బంధిస్తాయి. ఈ రంగు మనుషులకు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది, జింకలకు అంతగా కనిపించదు. విస్కాన్సిన్ 2016లో మెరిసే గులాబీ రంగును కూడా అనుమతించింది.

ఆదివాసుల హక్కులు, పరరాష్ట్రీయులు

కొన్ని ఆదివాసీ తెగలకు పూర్వపు ఒప్పందాల ద్వారా సంక్రమించిన వేట హక్కులు ఉన్నాయి. 1837 ఒప్పందం ప్రకారం ఒజిబ్వే తెగకు లభించిన హక్కులు రద్దు కాలేదని అమెరికా సుప్రీం కోర్టు 1999లో తీర్పు చెప్పింది. పొరుగు రాష్ట్రాలవారి వద్ద ఎక్కువ లైసెన్సు రుసుము వసూలు చేయవచ్చునని 1978లో మోంటానా కేసులో అదే కోర్టు నిర్ణయించింది. విద్యార్థి, ఉద్యోగ వీసాల వంటి వలసేతర వీసాలపై ఉన్న విదేశీయులు తుపాకి కలిగి ఉండడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు గలవారికి మినహాయింపు ఉంది. అక్కడ నివసించే తెలుగువారికి కూడా ఇది వర్తిస్తుంది.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో పెద్ద జంతువులకు, చిన్న జంతువులకు వేర్వేరు వేట లైసెన్సులను అనుమతించింది. 1991 సవరణతో ఈ లైసెన్సుల పద్ధతి ముగిసింది. ప్రాణరక్షణ, పంట నష్టం వంటి ప్రత్యేక సందర్భాలలో మాత్రమే అధికారుల అనుమతితో చంపవచ్చును. పంటలను నాశనం చేస్తున్న కారణంగా బీహారులోని కొన్ని జిల్లాలలో నీల్గాయిని 2015లో ఒక సంవత్సరంపాటు హానికర జంతువుగా ప్రకటించారు.

ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఈ చట్టపు మొదటి షెడ్యూలులో ఉంది. దానిని వేటాడిన వారికి 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును. అదే కృష్ణజింకను, తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింకను 20వ శతాబ్దంలో టెక్సాస్‌కు తీసుకొనిపోయి ప్రైవేటు భూములలో పెంచారు. అక్కడ ఇవి విదేశీ జంతువులు కనుక రాష్ట్రం వీటికి నిషేధ కాలం గాని, సంఖ్యా పరిమితి గాని విధించలేదు. 1860లలో హవాయి దీవులకు చేరిన చుక్కల జింకలు అక్కడి స్థానిక వృక్షజాతులకు ముప్పుగా మారాయి. ఒకే జంతువు స్వస్థలంలో రక్షిత ప్రాణిగానూ, పరదేశంలో వేట జంతువుగానూ ఉండడాన్ని బట్టి, వేట నిబంధనలు జంతువు జాతిపై మాత్రమే గాక, ఆ ప్రాంతపు అడవి, పంట, జనావాసం, చరిత్రలపై కూడా ఆధారపడి ఉంటాయని తెలుస్తుంది.